తాడుకి రెండో కొస

నా జీవితంలో నేను ఎక్కిన అతి ఎత్తయిన చోటు మా ఇంటి అటక. అదీ పచ్చడి జాడీ కోసం, కింద మా ఆయన నిచ్చెన పట్టుకుని నిలబడితే. పట్టుకున్నాడో లేదో అని మెట్టు మెట్టుకీ కిందికి చూసుకునేదాన్ని. ఇలాంటిది కొండలెక్కే మనిషి కథ చెబుతుందా అని నవ్వుకుంటే నవ్వుకోండి. జగ్గయ్యపేటలో జయమణి పేరెత్తితే ఇప్పటికీ ఒకటే మాట. "ఆవిడా? పెద్దింటి పిల్లని కొండ మీదికి తీసుకుపోయి తాడు వదిలేసిన టీచరు కదూ!" ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఒళ్ళు మండుతూనే ఇది రాస్తున్నాను కాబట్టి అక్కడక్కడా కారం ఎక్కువైతే సర్దుకోండి.

నా పేరు కమలాకుమారి. ఊళ్ళో పెద్దమనుషుల కమిటీ ఒకటి నడిపే ఆడపిల్లల హైస్కూల్లో కుట్లు, అల్లికలు చెప్పేదాన్ని. పంతొమ్మిదివందల అరవైలో జయమణి అక్కడ డ్రిల్లు టీచరుగా చేరింది. బక్కపల్చటి మనిషి, చామనచాయ, మాట తక్కువ. చెయ్యి పట్టుకుంటే మాత్రం గరుకు కాగితం పట్టుకున్నట్టుండేది. వాళ్ళది గరికపాడు. తండ్రి ఇశ్రాయేలు కూలి పనులు చేస్తూ, పని లేని రోజుల్లో తాళ్ళు పేనేవాడు. తల్లి సౌభాగ్యమ్మ నాలుగిళ్ళ మేకలు తోలేది. జయమణి ఎనిమిదేళ్ళప్పటి నుంచీ తల్లి వెంట మేకల్లో తిరిగింది.

గరికపాడు దాటీ దాటకముందు గద్దగుండు అని ఒక పెద్ద బండ ఉంది. ముందు వైపు నిలువుగా గోడలాగా రెండు తాడిచెట్ల ఎత్తు, వెనక మాత్రం మేకలు నడిచే సన్నటి దారి. మేకపిల్లలు చిగుళ్ళ కోసం ఆ నిలువు వైపుకి పాకి, బండ అంచు మీద ఇరుక్కుపోయి అరిచేవి. వాటిని దింపడం జయమణి పని. "ఎక్కడం మేక్కయినా వొస్తదే. దిగడం మనిషికి రావాల" అని సౌభాగ్యమ్మ అనేదట. పాస్టరమ్మగారి పుణ్యాన పిల్ల చదువుకుని, డ్రిల్లు ట్రైనింగు కూడా పూర్తి చేసింది. బండ మాత్రం వదల్లేదు. దింపాల్సిన మేకలు లేకపోయినా ఆదివారం ప్రార్థన కాగానే వెళ్ళి ఎక్కి వచ్చేది. ఎందుకని అడిగితే సిగ్గుపడేది. "ఎందుకంటే ఏం చెప్పనక్కా? ఎక్కేటప్పుడు ఇంకేం గుర్తుండదు. చెయ్యి ఎక్కడెయ్యాలి, కాలు ఎక్కడెయ్యాలి, అంతే" అనేది.

ఇంక రెండో మనిషి. ప్రమీలారాణి, మా కమిటీ ప్రెసిడెంటు జగన్నాథరావు గారి చిన్నకూతురు. నందిగామలో వాళ్ళది రెండంతస్తుల మేడ, ఊరి చుట్టూ మిరప చేలు. గుంటూరులో బి.యస్సీ. చదివొచ్చి, పెళ్ళి కుదిరేదాకా పొద్దుపోవడానికి మా బడిలో సైన్సు చెప్పేది. జగ్గయ్యపేటలో మేనత్త ఇంట్లో ఉండేది. మంచి పిల్లే. ఇప్పుడు ఈ మాట రాయడానికి నా చెయ్యి మొరాయిస్తోంది గానీ, అప్పట్లో మంచి పిల్లే.

ఒకరోజు పిల్లలు ఆడుతున్న టెన్నికాయిట్ రింగు బడి పెంకుల మీద పడింది. నిచ్చెన కోసం వెతుకుతుంటే జయమణి చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపి, రాతిగోడ మూల పట్టుకుని ఎక్కి తెచ్చి ఇచ్చేసింది. హెడ్‌మిస్ట్రెస్ సీతారావమ్మ గారు గుండె పట్టుకుని కూర్చుండిపోయారు. ప్రమీలారాణి మాత్రం పరుగెత్తుకొచ్చింది.

"నాకూ నేర్పండి జయమణి గారూ."

"మీకెందుకండీ అమ్మాయిగారూ, చీర పాడైపోద్ది."

"చీర సంగతి కమలక్క చూసుకుంటుంది" అంది ఆ పిల్ల, నా వంక చూసి.

చూసుకున్నాను, నా ఖర్మ. ఇద్దరికీ ఖాకీ గుడ్డతో చీలమండ దగ్గర బిగించిన పైజమాలు కుట్టాను. వాటిని మా ఇంట్లోనే దాచేవాళ్ళు. ఆదివారం పూట పులిహోర గిన్నె, ఊలు సంచి పట్టుకుని వాళ్ళ వెంట తోడుకి కూడా నేనే వెళ్ళేదాన్ని. పెద్దావిడ తోడుంటే తప్ప మేనత్త పంపదు. మేనత్త దృష్టిలో మేం పిక్నిక్కు వెళ్ళేవాళ్ళం. ముగ్గురం గరికపాడు బస్సు దిగి, జొన్నచేల గట్లమీద నడిచి బండ దగ్గరికి చేరేవాళ్ళం.

తాడు ఇశ్రాయేలు పేనిచ్చాడు. మూడు పురుల జనపనార తాడు, నా బొటనవేలంత లావు. "మోటకి కట్టి రెండెడ్లతో లాగినా తెగదమ్మా" అన్నాడు. జయమణి వెనక దారిన పైకి వెళ్ళి, రెండు రాళ్ళకి కాళ్ళు తన్నిపెట్టి కూర్చుని, తాడుని నడుం చుట్టూ తిప్పుకుని కిందికి వదిలేది. ప్రమీల ఆ కొస నడుముకి కట్టుకునేది. కింద నుంచి పై మనిషి కనపడదు, పై నుంచి కింది మనిషీ కనపడదు. అందుకని జయమణి ఒక కట్టుబాటు పెట్టింది. కింది మనిషి "పట్టావా?" అని అడగాలి. పై మనిషి "పట్టా, ఎక్కు" అనాలి. ఆ జవాబు రానిదే కాలు నేల విడవకూడదు.

మొదటిరోజు ప్రమీల "పట్టారా అండీ?" అని అడిగింది. పైనుంచి "పట్టానండీ, ఎక్కండమ్మా" అని జవాబు. నాకు నవ్వాగలేదు. ప్రమీల కూడా పడీ పడీ నవ్వి, "తాడుకి ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు ప్రాణం పెట్టుకున్నాక మీరూ గారూ ఏమిటి జయక్కా? నన్ను నువ్వు అను" అని అరిచింది. పైన తాడు ఒకసారి బిగిసి సర్దుకుంది. తర్వాత, "పట్టా ప్రమీలా. ఎక్కు" అని వినిపించింది. ఊరవతల పాలెంలో, కూలివాళ్ళ గుడిసెల్లో పుట్టిన మనిషి పెద్దమేడ పిల్లని పేరు పెట్టి పిలవడం ఆ రోజుల్లో ఎంత మాటో ఇప్పటి వాళ్ళకి చెబితే అర్థం కాదు. జయమణి ఆ ఒక్క పదాన్నీ భద్రంగా దాచుకుంది. ఆ సాయంత్రం బస్సులో కూడా రెండుమూడుసార్లు "ప్రమీలా" అని ఊరికే పిలిచింది.

ఒకళ్ళు దిగాక ఇంకొకళ్ళు ఎక్కేవాళ్ళు. జయమణి ఎక్కేటప్పుడు పైన ప్రమీల పట్టేది. బండ మీద చిన్నప్పటి నుంచీ ఒంటరిగా ప్రాకిన మనిషి, తన కోసం ఒకరు తాడు పట్టుకుని కూర్చోవడం అప్పుడే ఎరిగింది. దిగొచ్చాక ఆ మొహం చూడాలి మీరు.

అరవై రెండు మొదట్లో బెజవాడ నుంచి ఎన్.సి.సి. అధికారిణి ఒకావిడ బడికి వచ్చింది. హిమాలయాల దగ్గర ఆడవాళ్ళకి కొండలెక్కడంలో శిక్షణ ఇస్తున్నారట. మా జిల్లా నుంచి ఇద్దరికి అవకాశం, ఇద్దరూ ఒకే తాడు మీద పనిచేసే జంట అయితే మంచిదట. వీళ్ళిద్దరినీ గద్దగుండు దగ్గర పరీక్షించింది. ఆవిడ చేత శభాష్ అనిపించుకున్నారు ఇద్దరూ. బడి కమిటీ ఒప్పుకుంటున్నట్టు సంతకం చేస్తే వేసవిలో ప్రయాణం. జయమణి ఆ రాత్రి మా ఇంటికొచ్చి నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, అక్కడ ఎక్కడం కోసమే ఎక్కేవాళ్ళు ఉంటారంట. మేక కోసం కాదు, తేనె కోసం కాదు. నాబోటి పిచ్చోళ్ళు ఇంకా ఉన్నారంట అక్కా."

జీవితంలో ఆ మనిషి నోరు తెరిచి కోరిన కోరిక నాకు తెలిసి అదొక్కటే.

జగన్నాథరావు గారు సంతకం పెట్టే ముందు ఎంతో గునిశారు. ఆడపిల్లలు, అంత దూరం, మంచు. ప్రమీల అలిగి అన్నం మానేస్తే చివరికి సరేనన్నారు. సరిగ్గా అప్పుడే కంకిపాడు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఇంజనీరు కుర్రాడు, మంచి ఆస్తి. పెళ్ళివారికి కొండల సంగతి తెలియకూడదని, వేసవి పూర్తయ్యాకే మాటలు మొదలెడదామని మేనత్త సర్దుబాటు చేసింది. నాకు అప్పుడే మనసులో ముల్లు గుచ్చుకుంది గానీ, కుట్ల టీచరు మాట ఎవరిక్కావాలి?

ప్రయాణం దగ్గరపడిన ఒక ఆదివారం. ప్రమీల కింద, జయమణి పైన, నేను రేగుచెట్టు నీడన ఊలు పట్టుకుని. పట్టావా అంది, పట్టా అంది, ఎక్కింది. సగం దూరం పోయాక ప్రమీల రోజూ వెళ్ళే దారి వదిలి ఎడమ పక్కకి జరగడం మొదలెట్టింది. అటు వైపు కొత్తగా ఒక నెర్రె చూసిందట, అందులోంచి ఎక్కి జయక్కని ఆశ్చర్యపరచాలని. తాడు పక్కకి లాగుతున్నట్టు తెలిసి జయమణి పైనుంచి కేకేసింది. "ప్రమీలా, పక్కకి పోకు! తాడు నిలువునా ఉండాల! జారితే ఊయలూగుతావు!" ప్రమీల నవ్వుతూ ఇంకో అడుగు వేసింది. ఆ అడుగు నిలవలేదు.

నేను చూశాను. పిల్ల బండకి అడ్డంగా ఊయలలాగా విసురుగా ఊగి, కుడికాలు రాతికి కొట్టుకుంది. విరిగిన చప్పుడు నాకు వినిపించింది. తాడు ఒక్కసారి కిందికి జారి, టక్కున ఆగింది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా, పాలగిన్నె దింపినట్టు, ఆ పిల్లని నా ఒళ్ళోకి దింపింది పైనున్న మనిషి. వెనక దారిన పరుగెత్తుకొచ్చిన జయమణి చేతులు చూసి నేను కెవ్వున అరిచాను. అరచేతుల మీద తోలు లేదు. ఎర్రటి మాంసం మీద జనపనార పీచు అతుక్కుని ఉంది.

ప్రమీల ఆ చేతులు చూసింది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆ చేతుల్ని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "నువ్వు పట్టకపోతే చచ్చిపోయేదాన్ని జయక్కా" అని ఏడ్చింది. నా ఎదుటే.

మూడోవారం బడిలో కమిటీ కూర్చుంది. ఫిర్యాదీ జగన్నాథరావు గారు, తీర్పు చెప్పేదీ ఆయనే. పక్కన ఇద్దరు ముగ్గురు మెంబర్లు, తల వంచుకుని సీతారావమ్మ గారు. కట్టుకాలు బల్ల మీద చాపి ప్రమీల. గుడ్డలు చుట్టిన చేతులతో జయమణి. బల్ల మీద నేను కుట్టిన ఖాకీ పైజమాలు! మా ఇంటికి మనిషిని పంపి తెప్పించారు. ఒక మెంబరుగారు వాటిని పెన్సిలు కొసతో ఎత్తి చూపించి, ఇది మన ఆడపిల్లలు కట్టే బట్టేనా అని అడిగారు. విరిగింది కాలు, విచారణ పైజమా మీద.

జగన్నాథరావు గారు గొంతు సవరించుకున్నారు. "మా అమ్మాయిని నువ్వు బలవంతాన తీసుకెళ్ళావు. పైకెక్కించి తాడు వదిలేశావు. ఏమంటావు?"

నేను ఆగలేకపోయాను. "వదల్లేదండీ! నేనక్కడే ఉన్నా."

"మీరు కింద స్వెట్టరు అల్లుకుంటున్నారు కదమ్మా. పైన తాడు సంగతి మీకు కనపడిందా?"

కనపడలేదు. అదే కదా ఆ బండ తంటా. "పోనీ ఆ కట్లు విప్పి చూడండి, అరచేతులు రెండూ పోయాయి" అన్నాను.

"తాడు జారితేనే కదమ్మా చేతులు కాలేది?" అన్నారాయన, లెక్క తేలిపోయినట్టు. మెంబర్లు తలలాడించారు. సాయం చేద్దామని నోరు విప్పి నేనే ఆయన చేతికి కర్ర అందించినట్టయింది.

గుమ్మం బయట ఇశ్రాయేలు నిలబడి ఉన్నాడు, తలగుడ్డ చేతిలో నలుపుకుంటూ. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అక్కణ్ణుంచే, "అయ్యా, ఆ తాడు నేను పేనిందండి. మా పిల్ల వొదల్దండి" అన్నాడు. ఆయన వంక ఎవరూ తిరగలేదు.

జయమణి కమిటీని చూడలేదు, నన్ను చూడలేదు. ప్రమీల వైపు తిరిగింది. గొంతులో భయం లేదు. ఆ మనిషికి జవాబు తెలుసు కదా, ఎందుకు భయం?

"ప్రమీలా, నువ్వు చెప్పు. పట్టానా?"

ప్రమీల తన కట్టు కాలి వంక చూసుకుంది. గోడ మీద పటం వంక చూసింది. వాళ్ళ నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"నాకు... తాడు వదులైనట్టనిపించింది" అంది. కాలి కట్టు సర్దుకుని, "తను రమ్మంటేనే వెళ్ళాను నాన్నా" అంది.

ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు. ఈ పిల్ల తెప్ప మీద కూర్చునే తగలేసింది. నేను తిట్టబోయాను. సీతారావమ్మ గారు నా చెయ్యి నొక్కి పట్టుకున్నారు. జయమణి మాత్రం అలాగే నిలబడింది. ఇంకా ఏదో వినాల్సింది మిగిలి ఉన్నట్టు ప్రమీల పెదాల వంకే చూస్తోంది. అంతసేపు ఎందుకు చూసిందో తర్వాత నాకు చెప్పింది. "అబద్ధమని తనే నవ్వేస్తదనుకున్నా అక్కా."

ఉద్యోగం ఆ పూటే పోయింది. కమిటీ సంతకం వెనక్కి తీసుకుంది, హిమాలయాలు కూడా పోయాయి. కొండల పిచ్చి టీచరు అంటగట్టిందే తప్ప పిల్లకి లేదని కంకిపాడు వారు తృప్తిపడ్డారు. కాలు అతుక్కోగానే శ్రావణంలో పెళ్ళి. నాకు పసుపు రాసిన శుభలేఖ అందింది. పొయ్యిలో పెట్టాను.

జయమణి కంచికచర్లలో ఒక చిన్న మిషను బడిలో చేరింది. జీతం సగం. అరచేతుల మీద తోలు వచ్చింది గానీ గీతలు రాలేదు, నున్నగా మెరిసేవి. ఆదివారం ప్రార్థన కాగానే బస్సెక్కి గద్దగుండుకి రావడం మానలేదు. నేనూ మానలేదు, పులిహోర గిన్నెతో. మొదట ఒక్కతే ఎక్కింది. తర్వాత ఆ బడి పిల్లలు నలుగురైదుగురు వెంటపడ్డారు. వాళ్ళందరికీ పైన కూర్చుని అదే తాడు పట్టేది. నడుం చుట్టూ రెండు చుట్లు, చేతులకి గోనెగుడ్డ. పిల్లలు "పట్టారా టీచర్?" అని అరిస్తే "పట్టా తల్లీ, ఎక్కు" అని జవాబు. ఒక్కరి కాలి గోరు కూడా ఊడలేదు అన్నేళ్ళలో. తను ఎక్కేటప్పుడు మాత్రం తాడు కట్టుకునేది కాదు. "మేం పడతాం టీచర్" అని పిల్లలు బతిమాలేవాళ్ళు. "వొద్దమ్మా, నాకు తాడుంటే చెయ్యాడదు" అనేది. శుద్ధ అబద్ధం. తాడుంటే ఆ చేతులు ఎలా ఆడేవో చూసినదాన్ని నేను.

నాకు భయమేసేది. "ఎవరో ఒక్కరు చేసినదానికి నీ ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? జారితే?" అని కేకలేసేదాన్ని.

"జారితే నేను జారినట్టే కదక్కా. ఇంకొకరు వొదిలేసినట్టు కాదుగా" అంది ఒకసారి. ఆ తర్వాత నేను ఆ ఊసెత్తలేదు.

అరవై ఎనిమిదిలో జగన్నాథరావు గారు పోయారు. కర్మకాండలకి వచ్చిన ప్రమీలారాణి ఒక ఆదివారం పొద్దున మా గుమ్మంలో నిలబడింది. ఒళ్ళు చేసింది, కుడికాలు కొద్దిగా ఈడుస్తోంది. "అక్కా, నన్ను గద్దగుండుకి తీసుకెళ్తావా?" అంది. తలుపు మొహాన వేసేయాలనిపించింది. కానీ ఆ కళ్ళు చూస్తే నిద్రపోయిన కళ్ళలా లేవు. తీసుకెళ్ళాను. ఇద్దరికీ సయోధ్య కుదురుతుందేమోనని నాకూ ఎక్కడో ఆశ, దాచడం ఎందుకు?

పిల్లలు ఎక్కడం అయిపోయి రేగుపళ్ళు ఏరుకుంటున్నారు. జయమణి తాడు చుట్ట చుడుతోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఆపింది.

"బాగున్నారా అండీ? కాలు నెప్పి తగ్గిందా?" అంది.

ప్రమీల అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది. ఆ "అండీ" చెంపదెబ్బలా తగిలింది. "ఆ రోజు నాన్న ఎదురుగా నోరు పెగల్లేదు జయక్కా. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నా. పెళ్ళైపోయింది. నువ్వు పట్టావు. నాకు తెలుసు, నువ్వు పట్టావు" అంది.

"నాకూ తెలుసండీ" అంది జయమణి.

"నన్ను తిట్టు. కొట్టు. అండీ అనకు."

జయమణి తాడు చుట్ట కింద పెట్టింది. ప్రమీల కళ్ళు తుడుచుకుని లేచింది. తాడు చుట్ట తీసుకుంది. "ఒక్కసారి నన్ను పట్టనివ్వు. ఎలా పట్టాలో మర్చిపోలేదు. నువ్వు ఎక్కు, నేను పైన కూర్చుంటా. ఈసారి అందరూ వింటుండగా చెబుతా" అంది. జయమణి వద్దనలేదు, సరే అనలేదు. ప్రమీల ఆ ఈడుపు కాలుతోనే మేకల దారిన పైకి వెళ్ళింది. కాసేపటికి తాడు కొస బండ మీదుగా కిందికి దిగి, జయమణి ముందు ఊగింది.

జయమణి ఆ కొస పట్టుకుంది. నడుం చుట్టూ తిప్పింది, ముడి కూడా వేసింది. నా ప్రాణం లేచొచ్చింది. పిల్లలు రేగుపళ్ళు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. ఇక "పట్టావా?" అని అడగడమే తరువాయి. జయమణి నోరు తెరిచింది. మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. ఆ ఒక్క మాట కోసం ఆ మనిషి గొంతు ఎంత పెనుగులాడిందో నాకు కనబడుతూనే ఉంది.

పైనుంచి అడగకుండానే కేక వచ్చింది. "పట్టా! పట్టా జయక్కా! ఎక్కు!"

జయమణి ముడి విప్పేసింది. కొసని మెల్లగా, చప్పుడు కాకుండా బండకి ఆనించి వదిలింది. చెప్పులు విడిచి, పక్కనే ఉత్త చేతులతో ఎక్కడం మొదలెట్టింది. పైన ప్రమీల, జయమణి ఎక్కుతోందనుకుని మూరలు మూరలుగా తాడు లాగుకుంటోంది. ఖాళీ కొస బండ మీద ఎగిరెగిరి పడుతూ జయమణి భుజం పక్క నుంచే పైకి వెళ్ళిపోయింది. మొదట ఆ కొస పైకి చేరింది. తర్వాత జయమణి చేరింది.

పైన ఏం జరిగిందో కింద నుంచి కనపడదు కదా. మాట మాత్రం వినిపించింది.

"మెల్లగా దిగండమ్మా. మీ కాలు అసలే బాగోలేదు" అంది జయమణి.